వేరు బాగుంది, పన్ను పోయింది

1998లో సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు నా దవడ పన్ను ఒకటి నిద్ర పట్టనివ్వలేదు. మా ఊరి డాక్టరు గారు మూడు సిట్టింగుల్లో రూట్ కెనాల్ చేసి, "నెల లోపల క్యాపు వేయించుకోండి బాబూ" అని మరీ మరీ చెప్పి పంపారు. నొప్పి పోయింది, సెలవులూ అయిపోయాయి. అమెరికాలో క్యాపుకి ఎంతవుతుందో విన్నాక, నొప్పి లేని పంటికి అంత డబ్బెందుకులే అనుకున్నాను. రెండేళ్ళ తరవాత దీపావళికి చేగోడీ కొరికితే ఆ పన్ను నిలువునా చీలింది. ఇక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "వేరులో పని చక్కగా ఉంది. పైన కప్పు లేకే పన్ను పోయింది" అంది. ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి ఈ వైద్యం చరిత్ర కొంత చదవాల్సి వచ్చింది.

మా చిన్నప్పుడు పన్ను పుచ్చితే లోపల పురుగుందనేవారు. నేలవాకుడు గింజలు నిప్పుల మీద వేసి నోటికి పొగ పట్టేవారు. ఈ నమ్మకం మనదొక్కరిదే కాదు, బాబిలోనియా వారి మట్టిపలకల మీద కూడా పంటి పురుగు మంత్రం ఉంది. 1728లో ఫ్రాన్సులో పియేర్ ఫోషార్ దంతవైద్యం మీద పెద్ద గ్రంథం రాసి, ఈ పురుగు మాటను తోసిపుచ్చాడు.

ఆ తరవాత పని ముట్లు ఒక్కొక్కటే వచ్చాయి. 1838లో అమెరికాలో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారం స్ప్రింగును అరగదీసి, వేరు లోపల శుభ్రం చేసే సన్నటి పరికరం తయారు చేశాడు. 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ పంటి చుట్టూ పల్చటి రబ్బరు షీటు బిగించి, లోపలికి ఉమ్మి చేరకుండా ఆపాడు. 1867లో బౌమన్ అనే ఆయన శుభ్రం చేసిన వేరును గట్టా పెర్చాతో నింపాడు. అది మలయా ప్రాంతపు చెట్ల పాలతో తయారయ్యేది, సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫు తీగలకు తొడిగిందీ అదే. నేటికీ మన పళ్ళలో నింపేది ఎక్కువగా అదే. 1899లో ఎడ్మండ్ కెల్స్ ఎక్స్‌రేతో వేరు పొడవు చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఇంతలో పెద్ద ఎదురుదెబ్బ తగిలింది. 1910లో విలియమ్ హంటర్ అనే ఇంగ్లీషు వైద్యుడు మాంట్రియల్‌లో ఉపన్యసిస్తూ, బాగుచేసిన పళ్ళ కింద దాగిన చీమే ఒంట్లోని అనేక రోగాలకు మూలమన్నాడు. దాంతో కీళ్ళనొప్పి వచ్చినా, నీరసం వచ్చినా పళ్ళు పీకెయ్యడం ఆనవాయితీ అయింది. బాగున్న పళ్ళు కూడా లెక్కలేనన్ని పోయాయి. ఇది అన్యాయమని 1920లో గట్టిగా ఎదిరించినవాడు ఆ కెల్సే. ఎక్స్‌రే కిరణాల వల్లే చివరికి ఆయన చెయ్యి కోల్పోయాడు.

అసలు దోషి ఎవరో 1965లో ఎలుకలు తేల్చాయి. కాకెహాషి, ఆయన సహచరులు కొన్ని ఎలుకల పళ్ళకు రంధ్రం చేసి లోపలి మెత్తటి గుజ్జును తెరిచి వదిలేశారు. మామూలు ఎలుకల్లో ఆ గుజ్జు చచ్చి చీము పట్టింది. సూక్ష్మజీవులు అసలు లేకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం, రంధ్రంలో తిండి ఇరుక్కున్నా గుజ్జు బతికింది, గాయం పూడింది. పంటికి శత్రువు బాక్టీరియా అని తేలిపోయింది. అంటే రూట్ కెనాల్ చెయ్యాల్సిన పని రెండే: ఉన్న క్రిముల్ని వీలైనంత వెళ్ళగొట్టడం, కొత్తవి రాకుండా మూసెయ్యడం. మొదటి దానికి వాడే సోడియం హైపోక్లోరైట్ మనం బట్టలకు వాడే బ్లీచ్‌లో ఉన్నదే.

రెండోదాన్ని మాత్రం చాలాకాలం తేలిగ్గా తీసుకున్నారు. 1995లో రే, ట్రోప్ అనే ఇద్దరు 1,010 పళ్ళ ఎక్స్‌రేలు పరిశీలించారు. వేరులో పనీ, పైన ఫిల్లింగూ రెండూ బాగున్న పళ్ళలో 91.4 శాతానికి వేరు చివర వాపు లేదు. వేరులో పని బాగుండి పైన నాసిగా ఉన్నవాటిలో అది 44.1 శాతానికి పడిపోయింది. 2004లో మరో పరిశీలన వచ్చింది. అమెరికాలో ఇన్సూరెన్సు రికార్డులలోని 14 లక్షలకు పైగా పళ్ళను చూస్తే, ఎనిమిదేళ్ళ తరవాత 97 శాతం నోట్లోనే ఉన్నాయి. పీకించుకోవలసి వచ్చినవాటిలో 85 శాతానికి పూర్తి క్యాపు లేదు.

కారణం కష్టమైనదేం కాదు. పుప్పి తినేసినది పోగా, లోపలికి దారి చెయ్యడానికి తీసినది పోగా మిగిలేది పల్చటి గోడలే. నమిలే పళ్ళ మీద పడే బరువుకి ఆ గోడలు చీలతాయి. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు అరిగిపోతే ఉమ్మితోపాటు క్రిములు మళ్ళీ లోపలికి దిగుతాయి. ముందు పళ్ళకు ఒక్కోసారి మంచి ఫిల్లింగ్ సరిపోవచ్చు గాని, దవడ పళ్ళకు సాధారణంగా క్యాపు వేయించుకోవలసిందే.

మనలో చాలామంది మూడు వారాల సెలవులో పంటి పని కూడా ముగించుకు వద్దామనుకుంటారు. తప్పు లేదు, అక్కడ మంచి డాక్టర్లున్నారు. కాకపోతే ఆ పని విమానం దిగిన మొదటి వారంలోనే మొదలుపెట్టండి, క్యాపు దాకా పూర్తి చేయించుకునే తిరుగు విమానం ఎక్కండి. కుదరకపోతే ఎక్స్‌రేలు వెంట తెచ్చుకుని, ఇక్కడ ఆలస్యం చెయ్యకుండా వేయించుకోండి. ఏడాది తరవాత మరో ఎక్స్‌రే తీయించుకోండి, నొప్పి లేదంటే నయమైందని కాదు.

మా ఊరి డాక్టరు గారి పనిలో లోపమేమీ లేదు. ఆయన చెప్పిన ఆఖరి మాట నేను వినలేదు, అంతే.