సంతకి పాతిక కిలోమీటర్ల గీత

పోస్టు కొంచెం పొడుగే. ఎడ్లు, బర్రెలు ఉన్నోళ్ళు, ముఖ్యంగా ఆంధ్ర బార్డరు వెంబడి ఊళ్ళోళ్ళు ఓపిక చేసుకుని చదవండి.

2017 మే 23న కేంద్ర పర్యావరణ శాఖ పశువుల సంతల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. కోతకు అమ్మే పశువుని సంతకి తోలకూడదని అందులో ఉంది కాబట్టి టీవీల్లో అందరూ ఆ ఒక్కదాని మీదే కొట్లాడుకున్నారు. ఇంకో మాట కూడా ఉంది: రాష్ట్ర సరిహద్దుకి 25 కిలోమీటర్ల లోపల పశువుల సంత జరపకూడదు. మ్యాపు తీసి చూడండి. మధిర, సత్తుపల్లి, అశ్వారావుపేట, బూర్గంపాడు అన్నీ గీత లోపలే. భద్రాచలం సంగతి చెప్పక్కర్లేదు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రకి పోయినాక పట్నం దాటితే పక్క రాష్ట్రమే. చర్ల అవతల ఛత్తీస్‌గఢ్. అప్పటికి మూడేళ్ళ కింద పుట్టిన సరిహద్దు కోసం తాతల నాటి సంతలు ఎత్తెయ్యాలన్నమాట.

ఈ గీత ఎక్కడిదంటే, నేపాల్లో గధీమాయి జాతర ఉంది. అక్కడ బలికి మన దేశం నుంచి పశువుల్ని దొంగతనంగా దాటిస్తున్నారని సుప్రీంకోర్టులో కేసు పడింది. దాన్ని ఆపే పద్ధతులు చూడమని కోర్టు చెప్పింది. కేంద్రం నిబంధనలు రాసి, దేశ సరిహద్దుకి 50, రాష్ట్ర సరిహద్దుకి 25 కిలోమీటర్లు పెట్టింది. నేపాల్ కోసం మొదలైన పని గోదావరి ఒడ్డుకి వచ్చి ఆగింది.

అసలు చట్టం మాత్రం ఇట్లా పుట్టలేదు. 1890లో ఇంగ్లీషోళ్ళు జంతుహింస మీద ఒక చట్టం చేశారు. అది బ్రిటిష్ ఇండియాకి. గోదావరికి ఇవతల మనది నిజాం రాజ్యం. స్వాతంత్య్రం వచ్చాక రుక్మిణీదేవి అరండేల్, అదే కళాక్షేత్ర పెట్టిన నాట్యకారిణి, 1952లో రాజ్యసభకి నామినేట్ అయ్యింది. పాత చట్టం చాలదని సొంతంగా బిల్లు పెట్టింది. మంచి ప్రసంగం చేసిందట. నెహ్రూ గారు బిల్లు వెనక్కి తీసుకోమని, ప్రభుత్వమే కమిటీ వేసి తెస్తుందని మాటిచ్చారు. అట్లా వచ్చిందే 1960 చట్టం. 1962లో జంతు సంక్షేమ బోర్డు పెడితే ఆమే మొదటి అధ్యక్షురాలు.

ఆ చట్టం 11వ సెక్షన్ చూడండి. పశువుని కొట్టడం, మోయలేని బరువెయ్యడం, మేత నీళ్ళు లేకుండా కట్టెయ్యడం నేరం. అదే సెక్షన్లో, పద్ధతి ప్రకారం ముక్కుతాడు వేస్తే నేరం కాదని కూడా రాశారు. ఎద్దుకి ముక్కుతాడు లేకపోతే అరక సాగదని తెలిసినోడు ఎవడో ఆ సభలో ఉన్నాడు. (జరిమానా మాత్రం మొదటి తప్పుకి 10 నుంచి 50 రూపాయలు. ఇప్పటికీ అంతే. ఇవాళ 50కి ఏమొస్తుంది?)

2017 నిబంధనల్లో ఆ తెలిసినోడు లేడు. సంతలో నీడ, నీళ్ళ తొట్టి, పశువుల డాక్టరు ఉండాలన్నది మంచి మాటే, నేను ఒప్పుకుంటా. కానీ కొనేవాడు రైతేనని రెవెన్యూ కాగితం చూపాలట. పోడు చేసుకునే కోయ రైతు, కౌలు రైతు ఏం చూపిస్తాడు? కొన్న పశువుని ఆరు నెలలు అమ్మకూడదట. అమ్మకం కాగితం ఐదు కాపీలు, అందులో ఒకటి తహశీల్దారు ఆఫీసుకి. కొమ్ములకి రంగు, మెడలో అలంకారం కూడా సంతలో కుదరదు.

అప్పటి మన పరిస్థితి గుర్తుందా? ఏప్రిల్ 28నే ఖమ్మం యార్డులో మిర్చి ధర పడిపోయి రైతులు తిరగబడ్డారు. పది మందికి బేడీలేసి కోర్టుకి తీసుకపోయారు. మిర్చి ముంచిన ఏడు వట్టిపోయిన బర్రెనో, ముసలెద్దునో అమ్ముకునే కదా దుక్కి దున్నేది. నెల తిరక్కుండా ఆ దారికీ అడ్డమొచ్చింది.

ఆపింది మనం కాదు. మే 30న మద్రాసు హైకోర్టు మదురై బెంచి కోత అమ్మకాల నిబంధనల్ని నిలిపేసింది. జూన్ 8న కేరళ అసెంబ్లీ కూర్చుని వ్యతిరేక తీర్మానం చేసింది, తర్వాత మేఘాలయ చేసింది. హైదరాబాదు నుంచి ఖురేషీల సంఘం సుప్రీంకోర్టుకి పోయింది. మార్చి మళ్ళీ తెస్తామని కేంద్రం చెప్పుకుంది. జులై 11న స్టే దేశమంతా వర్తిస్తుందని కోర్టు అన్నది.

ముసాయిదా బయటికొచ్చింది 2017 జనవరి 16న, కనుమ తెల్లారి. అభ్యంతరాలకి గడువు 30 రోజులు. మనమంతా మిర్చి కల్లాల్లో ఉన్నాం. 2022లో జరిమానాలు, జైలు పెంచే సవరణ బిల్లు ముసాయిదా పెట్టారు, నవంబర్ 21 నుంచి డిసెంబర్ 7 దాకా గడువు. అప్పుడు వరి కోతలు, పత్తి ఏరుడు. మన పనుల క్యాలెండరు ఢిల్లీలో ఎవరి గోడకీ ఉండదు.

ఇలాంటి నిబంధనలు వచ్చినాక పార్లమెంటు రెండు సభల ముందూ పెట్టాలి, ఎంపీలు మార్పు అడగొచ్చు. జంతుహింస మీద కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చెయ్యొచ్చు. సంతలు మాత్రం రాష్ట్రం చేతిలోవి, దానికి ఎమ్మెల్యేని అడగాలి. ఒక చిన్న సంగతి: అశ్వారావుపేట, సత్తుపల్లి, మధిర వాళ్ళకి ఖమ్మం ఎంపీ. భద్రాచలం, పినపాక వాళ్ళది మహబూబాబాద్ పార్లమెంటు. ఉత్తరం రాసేవాళ్ళు చిరునామా చూసుకోండి.