కంప్యూటర్ లెక్క తప్పదా?

అకౌంటింగ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అంటే బిల్లులు, రసీదుల వివరాలు తీసుకుని, లెక్క కట్టి, రిపోర్టు ఇచ్చే ఏర్పాటు. అంతేనా? కాదు. ఆ లెక్కని సరిచూసుకునే దారి కూడా అందులో ఉండాలి.

బ్రిటన్ పోస్టాఫీసుల్లో 1999లో హొరైజన్ అనే సిస్టమ్ పెట్టారు. దాని లోపాల వల్ల లేని లోటు ఉన్నట్టు కనిపించేది. ఆ తేడా ఎక్కడొచ్చిందో వెతుక్కునే వీలు పోస్టాఫీసు నడిపేవాళ్లకి సరిగ్గా లేదు. చాలామంది సొంత డబ్బు కట్టారు. 2015 లోపు 900 మందికి పైగా దోషులయ్యారు, కొందరు జైలుకీ వెళ్లారు. చివరికి 2024లో చట్టం చేసి, వందలాది తీర్పుల్ని ఒకేసారి రద్దు చేశారు.

అందుకే స్క్రీన్ మీద ఏ మొత్తం కనిపించినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఇది ఏ రసీదు నుంచి వచ్చింది?