పసుపు రంగు తీర్పు: వీడియో గేములకు లభించే ‘మిశ్రమ స్పందన’

కొత్త సినిమా విడుదలైన నాడు ఉదయపు ఆట చూసి వచ్చినవారిలో కొందరు ఆకాశానికెత్తి, మరికొందరు పెదవి విరిస్తే దానిని మన సినీ వ్యాపార పరిభాషలో ‘డివైడ్ టాక్’ అంటారు. వీడియో గేముల రంగంలో దీనికి దగ్గరగా ఉన్న మాట ‘మిశ్రమ స్పందన’. అయితే సినిమాల విషయంలో ఆ మాట హాళ్ల వాకిట పుట్టి నోటి మాటగా పాకుతుంది. గేముల విషయంలో దానికి నిర్దిష్టమైన అంకె, రంగు, కొలబద్ద ఉన్నవి. ఆ అంకె పైననే గేమును తయారుచేసినవారి బోనసు ఆధారపడిన సందర్భాలు ఉన్నవి. కనుక ఆ తీర్పు ఎట్లా తయారవుతుందో, దాని వెనుక ఏమి దాగి ఉంటుందో తెలుసుకొనుట గేములు ఆడేవారికే గాక, పిల్లలకు కొనిపెట్టే తల్లిదండ్రులకు కూడ ఉపయోగకరం.

కొలబద్ద

పలు పత్రికలు, వెబ్‌సైట్లు ఇచ్చిన మార్కులను నూటికి మార్చి సగటు కట్టే సంస్థలలో పేరెన్నిక గన్నది అమెరికాకు చెందిన మెటాక్రిటిక్. ఇది 2001లో ప్రారంభమైనది. ఈ సగటు సాదా సగటు కాదు. కొన్ని పత్రికల మార్కులకు ఎక్కువ విలువ, కొన్నింటికి తక్కువ విలువ కడతారు. ఏ పత్రికకు ఎంత విలువ అన్నది సంస్థ వెల్లడించదు. గేముకు 75 గాని అంతకు మించి గాని వస్తే ఆకుపచ్చ, 50 నుండి 74 వరకు పసుపు, 49 గాని అంతకు తక్కువ గాని వస్తే ఎరుపు. ఆ పసుపు పట్టీకే ‘మిశ్రమం లేదా సామాన్యం’ అని పేరు.

ఇక్కడ ఒక విడ్డూరం ఉన్నది. అదే సంస్థ సినిమాలకు 61 నుండే ఆకుపచ్చ రంగు వేస్తుంది. 65 మార్కులు వచ్చిన సినిమా మెప్పు పొందినట్టు, అవే 65 వచ్చిన గేము తడబడినట్టు లెక్క. గేముల సమీక్షకులు మొదటినుండి పదింటికి ఏడు, ఎనిమిది, తొమ్మిది అంకెల మధ్యనే సంచరించడం అలవాటు చేసుకొనుటే ఇందుకు కారణం. పదవ తరగతిలో 35 వస్తే గట్టెక్కినట్టు, 60 వస్తే ప్రథమ శ్రేణి అని లెక్కించే మనకు 68 మార్కులు గౌరవప్రదంగానే తోచును. గేముల బజారులో మాత్రం 68 అనగా కొనుగోలుదారు వెనుకాడే అంకె.

జపానులో 1986 నుండి వెలువడుతున్న ఫామిట్సు పత్రిక పద్ధతి వేరు. ఒక్కో గేమును నలుగురు సమీక్షకులు విడివిడిగా పదింటికి తూచి, మొత్తం నలభైకి మార్కులు ప్రకటిస్తారు. నలుగురి మధ్య ఏకాభిప్రాయం ఉన్నదో లేదో పాఠకుడికి అక్కడికక్కడే కనబడుతుంది. ఈ చిన్న సౌకర్యం ఒంటి సగటులో లేదు.

సగటు దాచిపెట్టేది

పది మంది సమీక్షకులు ఒక గేముకు తలా 70 ఇచ్చారనుకొందాము. సగటు 70. మరొక గేముకు ఐదుగురు నూటికి నూరు, మిగిలిన ఐదుగురు తలా 40 ఇచ్చారనుకొందాము. దాని సగటు కూడ 70. మొదటిది ఎవరినీ కదిలించని మామూలు సరుకు. రెండవది కొందరు నెత్తిన పెట్టుకొని, కొందరు నేలకు కొట్టిన గేము. రెండింటికీ ఒకే పసుపు చుక్క. మిశ్రమ స్పందన అన్న మాటను నమ్మి గేమును తోసిపుచ్చేవారు ఎక్కువగా పోగొట్టుకొనేది ఈ రెండవ జాతి గేములనే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇందుకు పాఠ్యగ్రంథం వంటి ఉదాహరణ 2010లో వెలువడిన ‘డెడ్లీ ప్రెమోనిషన్’. జపానుకు చెందిన యాక్సెస్ గేమ్స్ సంస్థలో హిడెటాకా సుఎహిరో దర్శకత్వంలో ఇది రూపొందినది. గ్రీన్‌వేల్ అనే చిన్న అమెరికా పట్టణంలో జరిగిన హత్యను పరిశోధించుటకు ఫ్రాన్సిస్ యార్క్ మోర్గన్ అనే అధికారి వస్తాడు. ఆయన మనకు కనబడని ‘జాక్’ అనే వ్యక్తితో నిత్యం ముచ్చటిస్తూ ఉంటాడు. ఊరి జనం తమ తమ వేళలకు దుకాణాలు తెరుస్తారు, మూస్తారు, ఇళ్లకు పోతారు. కథానాయకుడు గడ్డం గీసుకోకపోతే అది పెరుగుతుంది. బట్టలు మార్చకపోతే చుట్టూ ఈగలు ముసురుతవి. ఇంత శ్రద్ధ ఒకవైపు. మరొకవైపు, కాలం చెల్లిన బొమ్మలు, మొరటు కారు నడక, విసుగు పుట్టించే కాల్పులు, సందర్భానికి పొసగని సంగీతం.

ఐజీఎన్ దీనికి పదింటికి 2 ఇచ్చినది. డిస్ట్రక్టాయిడ్ అదే గేముకు పదింటికి 10 ఇచ్చినది. ఎక్స్‌బాక్స్ 360 రూపానికి మెటాక్రిటిక్ సగటు 68 వద్ద నిలిచినది. భయానక గేములలో విమర్శకులను అత్యధికంగా చీల్చినదిగా గిన్నిస్ వారు దీనిని నమోదు చేశారు. గమనించవలసినదేమంటే, ఇద్దరు సమీక్షకులూ చూసినవి అవే లోపాలు. పనితనంలోని లోటును క్షమించరాదన్నది ఒకరి ప్రమాణం. ఆ లోటుతో సహా గేము మనసులో నిలిచిందా అన్నది మరొకరి ప్రమాణం. 68 అన్న అంకె ఈ ఇద్దరిలో ఎవరి మాటా కాదు.

‘గాడ్ హ్యాండ్’ కథ మరింత విచిత్రమైనది. ‘రెసిడెంట్ ఈవిల్’ సృష్టికర్త షింజి మికామి దర్శకత్వంలో క్యాప్‌కామ్ వారి క్లోవర్ స్టూడియో దీనిని 2006లో ప్లేస్టేషన్ 2 కొరకు తయారుచేసినది. పిడిగుద్దుల గేము, వెర్రిమొర్రి హాస్యం. ఐజీఎన్ 3 మార్కులతో సరిపెట్టినది. సగటు మాత్రం 73 వచ్చినది, అనగా ఇతరులెందరో దానిని గట్టిగా మెచ్చుకొన్నారన్నమాట. కుడి పుల్లతో కెమెరా తిప్పుకొనుట నాటి గేములలో పరిపాటి. ఇందులో ఆ పుల్ల దెబ్బ తప్పించుకొనుటకు వాడబడినది, కెమెరా నాయకుడి వెనుకనే ఉండిపోతుంది. కొందరికి ఇది భరించరాని ఇబ్బంది, మరికొందరికి గేమంతటికీ ప్రాణం. ఆటగాడు రాణించే కొద్దీ శత్రువులు గట్టిపడే ఏర్పాటు కూడ అట్లే రెండు విధాల తీర్పులకు గురియైనది. అదే సంవత్సరం క్లోవర్ స్టూడియోను మూసివేయుటకు నిర్ణయం జరిగినది. దీనికి గాడ్ హ్యాండ్ ఒక్కటే కారణం కాదు. విమర్శకులు ఏకకంఠంతో మెచ్చుకొన్న ‘ఒకామి’ కూడ ఆశించినంతగా అమ్ముడు కాలేదు. గాడ్ హ్యాండ్ మాత్రం తరువాతి కాలంలో ఆ తరహా గేములకు ఒరవడిగా పేరు తెచ్చుకొన్నది.

పెద్ద పేరు, పెద్ద ఖర్చు ఉన్నంత మాత్రాన ఈ చీలిక తప్పదు. హిడియో కొజిమా రూపొందించిన ‘డెత్ స్ట్రాండింగ్’కు 2019లో ఫామిట్సు నలభైకి నలభై ఇవ్వగా ఐజీఎన్ 6.8 ఇచ్చినది. సరుకుల మూటలు మోస్తూ కొండలెక్కి దిగే నడకే ఆ గేము. నడక ధ్యానమని ఒకరు, విసుగని ఒకరు. సగటు 82 కనుక రంగు ఆకుపచ్చ. చీలిక మాత్రం కనబడదు.

విమర్శకుల మధ్యనే గాక ఒకే విమర్శకుడి మనసులో కూడ తీర్పు చీలవచ్చును. ఆబ్సిడియన్ సంస్థ తయారుచేయగా సెగా ప్రచురించిన ‘ఆల్ఫా ప్రోటోకాల్’ గూఢచారి కథ. 2010లో వచ్చినది. సంభాషణలో తగిన ధోరణిని క్షణాలలో ఎంచుకోవలెను, ఎంచుకొన్నదాని ఫలితం కథ పొడుగునా వెంటాడుతుంది. ఈ గుణాన్ని దాదాపు అందరూ కొనియాడారు. తుపాకీ పేల్చే భాగాలను, సాంకేతిక దోషాలను దాదాపు అందరూ దుయ్యబట్టారు. కంప్యూటరు రూపానికి 72, ఎక్స్‌బాక్స్ 360 రూపానికి 63 వచ్చినవి. రెండవ భాగం ఉండదని సెగా ప్రకటించినది. పాటల హక్కుల గడువు తీరినందున 2019లో అమ్మకం నుండి తొలగించబడిన ఈ గేము 2024లో గాగ్ అంగడిలో మళ్లీ కొనుటకు దొరికినది. పద్నాలుగేండ్ల తరువాత కూడ దానిని అడిగి కొనేవారు ఉన్నారన్నమాట.

అంకెకు వెల

ఆబ్సిడియన్‌కే అదే ఏడాది మరొక అనుభవం కలిగినది. ‘ఫాలౌట్: న్యూ వేగస్’ను బెథెస్డా కొరకు తయారుచేసినప్పుడు మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనసు అన్నది ఒప్పందం. వచ్చినది 84. ఈ సంగతిని ఆ సంస్థ ముఖ్యులలో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012లో బయటపెట్టారు. తమకు అమ్మకాలలో వాటా లేదనీ, ఒక్కసారి ముట్టిన పైకమే గాక ఉన్నది ఆ బోనసు ఆశ మాత్రమేననీ ఆయన తెలిపారు. ఆ గేములో బగ్గులున్న మాట నిజమే, సమీక్షకులు వాటిని ఎత్తిచూపుటా న్యాయమే. అయితే పాఠకుడికి సలహాగా పుట్టిన అంకె, ఆ పాఠకుడికి తెలియకుండానే ఒక కార్యాలయంలో జీతాల లెక్కగా మారినది. ఎక్కడో ఒక సమీక్షకుడు ఎనిమిదికి బదులు ఎనిమిదిన్నర వేసి ఉంటే ఫలితం మారేదేమో.

ఒత్తిడి విమర్శకుల మీదకు కూడ వచ్చినది. 2007 నవంబరులో ‘కేన్ అండ్ లించ్: డెడ్ మెన్’కు గేమ్‌స్పాట్ 6 మార్కులు ఇచ్చినది. ఆ సమయంలో సైటు నిండా అదే గేము ప్రకటనలు. సమీక్ష రాసిన జెఫ్ గెర్స్ట్‌మన్ ఉద్యోగం పోయినది. ప్రకటనదారుల అసంతృప్తే ఇందుకు మూలమని ఆయన 2012లో బహిరంగంగా చెప్పగలిగారు. ఇతర పత్రికలు కూడ ఆ గేముకు మిశ్రమ తీర్పే ఇచ్చిన సంగతి ఇక్కడ మరువరాదు.

మారే గేము, మారని మార్కు

పుస్తకం అచ్చయిన తరువాత మారదు. గేము మారుతుంది. ఇంగ్లండుకు చెందిన హలో గేమ్స్ 2016లో విడుదల చేసిన ‘నో మ్యాన్స్ స్కై’ అంతులేనన్ని గ్రహాలను చూపినది గాని, ముందుగా ఆశపెట్టిన పలు విశేషాలు అందులో లేవు. ప్లేస్టేషన్ 4 రూపానికి 71 వచ్చినది. స్టీమ్ అంగడిలో ఆటగాళ్ల తీర్పు ఇంకా కఠినంగా ఉండినది. తరువాత సంస్థ ఏండ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చినది. 2018లో అందరూ కలిసి ఆడే ఏర్పాటు పూర్తిగా సమకూరినది. 2024 నాటికి స్టీమ్‌లో మొత్తం తీర్పు ‘చాలా అనుకూలం’ అయినది. మెటాక్రిటిక్ పత్రికల మొదటి మార్కునే లెక్కిస్తుంది కనుక ఆ 71 నాటి గేముకే చెందిన చరిత్ర.

‘సైబర్‌పంక్ 2077’ విషయంలో యంత్రాన్ని బట్టి తీర్పు మారినది. 2020 డిసెంబరులో విడుదలకు ముందు సమీక్షకులకు అందినది కంప్యూటరు రూపం మాత్రమే. దానికి సగటు 86. పాత కన్సోళ్లలో అదే గేము తడబడి, కూలబడి, ప్లేస్టేషన్ 4 రూపానికి 57 తెచ్చుకొన్నది. విడుదలైన వారంలోనే సోనీ దానిని తన అంగడి నుండి తీసివేసి, 2021 జూనులో గాని తిరిగి అమ్మకానికి పెట్టలేదు. ఇక్కడ కూడ బోనసును 90 మార్కులతో ముడిపెట్టారు. ఆ షరతును సంస్థ విడుదల అనంతరం ఎత్తివేసినది. 86 చూసి పాత కన్సోలుకు కొన్నవారు మోసపోయినట్టు భావించుటలో వింత లేదు. మార్కు ఏ యంత్రానికి చెందినదో చూడక కొనరాదు.

ఆటగాళ్ల మార్కులను కూడ ఆచితూచి చదవవలెను. స్టీమ్‌లో నూటికి 40 నుండి 69 మంది మెచ్చుకొంటే ‘మిశ్రమం’. అక్కడ అవును, కాదు అన్న రెండే మాటలు. 2020 జూనులో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగం’ విడుదలైన నాడే, ఎవరూ పూర్తిచేసి ఉండుటకు వీలులేని సమయంలో, మెటాక్రిటిక్‌లో వేలకొలది సున్నాలు వచ్చిపడినవి. పత్రికల సగటు 93 కాగా ఆటగాళ్ల మార్కు మొదట నాలుగు లోపే. ఆ పిదప కొత్త గేము విడుదలైన 36 గంటల వరకు ఆటగాళ్ల మార్కులను స్వీకరించకుండ నియమం పెట్టారు.

మన దేశపు గేము ఒకటి

పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ కూడ మిశ్రమ స్పందనే పొందినది. మహాబలాసురుడు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలు కొరకు రాజీ అనే సర్కసు పిల్ల బయలుదేరుతుంది. దుర్గ, విష్ణువు కథ చెబుతూ ఉంటారు. కథాఘట్టాలు నీడబొమ్మల తరహాలో సాగుతవి, తోలుబొమ్మలాట ఎరిగిన మనకు అవి పరాయిగా తోచవు. కోటల చిత్రణను, పురాణ వాతావరణాన్ని విదేశీ సమీక్షకులు సైతం మెచ్చుకొన్నారు. పోరాటంలో వైవిధ్యం తక్కువనీ, నిడివి చిన్నదనీ, కథ అర్ధాంతరంగా ఆగినదనీ తప్పుపట్టారు. కనుక ఇది ఆల్ఫా ప్రోటోకాల్ జాతికి చెందినది. విమర్శకులు రెండు పక్షాలుగా చీలలేదు, ఒక్కొక్క సమీక్షలోనే మెప్పు, నొప్పి రెండూ ఉన్నవి. స్వదేశాభిమానంతో ఆ లోపాలను కాదనుట సరికాదు. పోరాటం నిజంగానే పలచన. కాని దుర్గ విగ్రహం ఎదుట ఆగి కథ వినుటకు ఇష్టపడే పాఠకుడికి ఆ సమీక్షలలోని మెప్పు భాగమే పనికివచ్చే సమాచారం. 2020 గేమ్ అవార్డులలో ఉత్తమ తొలి ఇండీ గేము విభాగానికి ఎంపికైన ఐదింటిలో రాజీ ఒకటి. బహుమతి ‘ఫాస్మోఫోబియా’కు దక్కినది.