అయిదు కింద ఒకటి

ఆరు రొట్టెలు, పదిమంది మనుషులు. తలా ఎంత వస్తుంది? మనమైతే 6/10 అని వేసి, 3/5కి కుదిస్తాం. క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఈజిప్టు లేఖకుడు అహ్మెస్ నకలు రాసిన పపైరస్ చుట్టలో ఇదే లెక్క ఉంది. అక్కడి జవాబు వేరు: 1/2, దానికి తోడు 1/10. ఏడు రొట్టెలైతే 2/3, 1/30. ఈజిప్టువాళ్లు భిన్నాలన్నిటినీ లవం ఒకటి ఉన్నవాటిగానే విడగొట్టి రాసేవారు. ముఖ్యమైన మినహాయింపు 2/3. అందుకే 2ను 3 నుంచి 101 దాకా బేసి సంఖ్యలతో భాగిస్తే వచ్చే ముక్కలకు ఆ చుట్టలో పెద్ద పట్టికే వేసుకోవాల్సి వచ్చింది. భిన్నం అంటే అక్కడ ముక్కే. నిండు సంఖ్యల పంక్తిలో దానికి చోటు లేదు.

మన ఉపఖండంలో లెక్క వేరే దారి పట్టింది. 1881లో పెషావర్ సమీపాన బక్షాలీ గ్రామంలో భూర్జపత్రాల మీద రాసిన గణిత ప్రతి ఒకటి తవ్వకంలో బయటపడింది. అది ఏ కాలంనాటిదో పండితుల మధ్య వాదం ఇంకా తెగలేదు. అందులో భిన్నానికి పైన లవం, కింద హారం. మధ్యలో గీత లేదు. నిండు సంఖ్య వస్తే దాని కింద 1 వేశారు. 5 కింద 1. చూడటానికి వృథా శ్రమలా ఉంటుంది. కానీ 5కు 2/3 కలపాలంటే ఇక ప్రత్యేక సూత్రం అక్కర్లేదు. అడ్డంగా గుణిస్తే 15, 2, కలిపితే 17, కింద 3. భిన్నాల సూత్రమే నిండు సంఖ్యకూ సరిపోయింది.

628లో బ్రహ్మగుప్తుడు ధనానికీ ఋణానికీ సున్నాకూ కలిపి సూత్రాలు చెప్పాడు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు హారాలు సమానం చేయడానికి క.సా.గు. వాడాడు. ఆయన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మధ్యలో గీత మాత్రం అరబ్బీ గణితజ్ఞులు గీశారు. 1202లో ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచి రాసిన పుస్తకం దాన్ని యూరప్‌కు చేర్చింది.

ఇప్పటి పాఠ్యపుస్తకం చెప్పేదీ ఆ 5 కింద 1 సంగతే: హారం సున్నా కాకుండా, రెండు పూర్ణ సంఖ్యల నిష్పత్తిగా రాయగలిగిందల్లా అకరణీయ సంఖ్య. -5 అంటే -5/1, సున్నా అంటే 0/1. కాబట్టి పూర్ణ సంఖ్యలన్నీ అకరణీయ సంఖ్యలే. 2/3 లాంటివి ఉన్నాయి గనుక అకరణీయ సంఖ్యలన్నీ పూర్ణ సంఖ్యలు కావు.

అయితే ఈ రెంటిలో ఏవి ఎక్కువ? 0కీ 1కీ మధ్యనే భిన్నాలు అనంతం. కానీ లవమూ హారమూ కలిపి 2 అయ్యేది ముందు, తర్వాత 3 అయ్యేవి, ఆపైన 4 అయ్యేవి అంటూ వరస పెట్టండి: 1/1, 1/2, 2/1, 1/3, 3/1... 2/2 అంటే 1/1 కాబట్టి, అది ముందే వచ్చింది గనుక వదిలేయండి. ఒక్క ధన భిన్నమూ తప్పిపోదు. ప్రతిదానికీ ఒక క్రమసంఖ్య దొరుకుతుంది. పక్కపక్కనే ఋణ భిన్నాలనూ, మొదట్లో సున్నానూ చేర్చుకోవచ్చు. కాబట్టి ఏవీ ఎక్కువ కావు. అలా నిష్పత్తిగా రాయలేని కరణీయ సంఖ్యలను కూడా కలుపుకుంటే మాత్రం ఇలాంటి వరస ఏదీ కుదరదని 1874లో జర్మన్ గణితజ్ఞుడు గేయోర్గ్ కాంటర్ నిరూపించాడు.