తాళ్ళ బాట, ఎక్కుడు గోడ: ఒక చరిత్ర

ఈనాటి ప్రసంగంలో తాళ్ళ బాటల గురించీ, మనుషులు కట్టిన ఎక్కుడు గోడల గురించీ నాలుగు మాటలు మనవి చేయదలచాను. తాళ్ళ బాట అంటే చెట్టుకూ చెట్టుకూ నడుమ, లేదా స్తంభానికీ స్తంభానికీ నడుమ తాళ్ళూ, ఇనుప తీగలూ, చెక్కలూ కట్టి, వాటి మీద పిల్లల చేత నడిపించే ఏర్పాటు. ఎక్కుడు గోడ అంటే కొండ ఎక్కడం నేర్పడానికి కట్టిన గోడ. ఈ రోజుల్లో సెలవు శిబిరాలలోనూ, ఊరి బయటి విడిది తోటలలోనూ ఇవి కనబడుతున్నాయి. మీ పిల్లలు కూడా ఎక్కే ఉంటారు.

నేను బళ్ళారి ప్రాంతంలో ఉపాధ్యాయుణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చరిత్ర చెప్పే నాకు ఈ తాళ్ళ సంగతి ఎందుకంటే, దానికొక కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం మా ఎనిమిదో తరగతి పిల్లలను ఒక శిబిరానికి తీసుకుపోయాము. రెండు వేపచెట్ల మధ్య ఇనుప తీగ కట్టి ఉంది. నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తు ఉంటుందేమో. ఒక పిల్లవాడు నడుమకు పోయి నిలబడిపోయాడు. "సార్, భయమైతాంది సార్" అన్నాడు. కింద ఉన్న నేనూ, శిబిరం మనిషీ కలిసి "హెదరబేడ, నడువు నడువు" అని కేకలు వేశాము. వాడు ఇంకో రెండడుగులు వేశాడో లేదో, చెట్టు దగ్గర కట్టు జారి తీగ వదులైంది. వాడు కింద పడ్డాడు. ముంజేయి విరిగింది.

మరునాడు వాళ్ళ నాన్న ఆసుపత్రికి వచ్చారు. ఆయన గనుల దగ్గర క్రేను మెకానిక్కు. కోపగించుకోలేదు. శిబిరానికి పోయి ఆ తీగను చూసి వచ్చి, "సార్, క్లాంపులు తిరగేసి బిగించినారు. పోయేముందు మీరు ఒక మాట అడిగింటే బాగుండు" అన్నారు. నేను శిబిరం వాళ్ళను భోజనం సంగతి అడిగాను, స్నానాల గది సంగతి అడిగాను. తీగ ఎవరు కట్టారని మాత్రం అడగలేదు. అప్పటి నుంచి ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ, ఇది ఆట వస్తువు కాదనీ, దీని వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉందనీ తెలిసింది.

తాడు మీద ప్రాణం పెట్టడం మనవాళ్ళకు కొత్త కాదు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు చెట్టునూ తన నడుమునూ కలిపి మోకు వేసుకుంటాడు. చేతులు రెండూ పనిలో ఉంటే ఒంటి బరువును ఆ మోకే మోస్తుంది. ఇక దొమ్మరాట సంగతి మీకు తెలియనిది కాదు. కన్నడంవారు దొంబరాట అంటారు. మహారాష్ట్రలోనూ డోంబారీలని ఉన్నారు. కర్ణాటకలో, తమిళనాడులో ఉన్న ఆ కుటుంబాలలో చాలామందికి ఇంటి భాష తెలుగే. ఊరి నడుమ గడ నాటి, దానికి నాలుగు వైపులా తాళ్ళు లాగి కట్టి, డోలు వాయిస్తూ ఆడేవారు. ఆట మొదలయ్యే ముందు ఇంటి పెద్ద ఒక్కో మేకు దగ్గరకు పోయి, తాడును చేత్తో లాగి చూసేవాడు. చిన్నప్పుడు అది నాకు విసుగ్గా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, అసలు విద్య అక్కడే ఉందని తోస్తుంది.

ఇక బడిపిల్లలకూ సైనికులకూ శిక్షణగా ఈ బాటలు ఎలా వచ్చాయో చూద్దాం. ఫ్రాన్సు దేశపు నౌకాదళంలో జార్జ్ ఎబేర్ అనే అధికారి ఉండేవాడు. 1902 మే 8న మార్టినీక్ దీవిలో పెలే అగ్నిపర్వతం పేలి, సాన్ పియేర్ పట్టణం నిమిషాలలో కాలిపోయింది. సుమారు 28,000 మంది చనిపోయారు. ఆ సమయంలో దాదాపు ఏడు వందల మందిని తరలించే పనిలో ఎబేర్ ముఖ్యపాత్ర వహించాడని చెబుతారు. ఒంటిలో బలం ఉండడం వేరు, ఆపదలో ఆ బలం ఇంకొకరికి అక్కరకు రావడం వేరు అనే ఆలోచన ఆయన జీవితమంతటికీ ఆధారమైంది. నడక, పరుగు, దూకడం, పాకడం, ఎక్కడం, తూకం నిలుపుకోవడం, విసరడం, మోయడం, ఆత్మరక్షణ, ఈత అని పది విధాల సాధన పెట్టాడు. దూలాలూ, గోడలూ, తాళ్ళూ, నిచ్చెనలూ ఒక వరుసలో పెట్టి శిక్షణ బాట తయారుచేశాడు. సైనిక శిబిరాలలోని అడ్డంకుల బాటకు మూలం ఇదేనంటారు.

రెండో ఘట్టం రెండో ప్రపంచ యుద్ధకాలంలోది. కుర్ట్ హాన్ జర్మనీలో పుట్టిన విద్యావేత్త. 1920లో సాలెం అనే చోట బడి నడిపాడు. హిట్లరును ఎదిరించినందుకు జైలుకు పోయి, 1933లో బ్రిటన్‌కు వలస వచ్చాడు. మరుసటి ఏడు స్కాట్లాండులో గోర్డన్‌స్టన్ బడి స్థాపించాడు. అప్పుడు సముద్రంలో ఓడలు జలాంతర్గాముల దెబ్బకు మునిగిపోతున్నాయి. ప్రాణరక్షణ పడవలలో దృఢమైన కుర్రవాళ్ళు చనిపోతుంటే, వయసు మళ్ళిన నావికులు బతికి బయటపడుతున్నారని లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమాని గమనించాడు. కుర్రవాళ్ళకు లేనిది కండబలం కాదు, కష్టాన్ని ఓర్చిన అనుభవం అని ఆయన అనుకున్నాడు. 1941లో వేల్సు దేశపు అబెర్‌డవీలో హాన్, హోల్ట్ కలిసి అవుట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణాలయాన్ని ప్రారంభించారు. అక్కడి శిక్షణ సుమారు ఒక నెల. పడవ నడపడం, కొండనడక, వాటితో పాటు చెట్ల మధ్య కట్టిన తాళ్ళ మీద నడక కూడా నేర్పారు.

మరుసటి ఏడు, 1942లో, స్కాట్లాండులోని అక్నకారీలో కమాండో శిక్షణ కేంద్రం తెరిచారు. అక్కడ ఏటికి అడ్డంగా తాడు కట్టి సైనికులను జారవిడిచేవారు. అయితే సైనికుడి బాటను యథాతథంగా బడిపిల్లవాడికి పెట్టడం కుదరదు. ఆ తేడాను గ్రహించినది అమెరికాలో. 1962లో కొలరాడో రాష్ట్రంలో అక్కడి మొదటి అవుట్‌వర్డ్ బౌండ్ పాఠశాల వచ్చింది. 1971లో మసాచుసెట్స్‌లోని హామిల్టన్ వెన్‌హాం ఉన్నత పాఠశాలలో, ప్రధానోపాధ్యాయుడు జెర్రీ పీ ఆధ్వర్యంలో, ప్రాజెక్ట్ అడ్వెంచర్ పేరుతో ఈ సాధనను మామూలు బడి పాఠాలలోకి తెచ్చారు. కొండకు పోలేని పిల్లలకు బడి ఆవరణలోనే తాళ్ళ బాట కట్టారు. అక్కడ పనిచేసిన కార్ల్ రోంకీ వంటివారు ఒక నియమాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఎంతవరకు ఎక్కాలో, ఎక్కడ ఆగాలో పిల్లవాడే నిర్ణయించుకోవాలి, ఎవరూ తోయకూడదు. "నడువు నడువు" అని నేను వేసిన కేక ఆ నియమానికి పూర్తిగా విరుద్ధం.

బాటలు పెరిగేకొద్దీ కట్టేవారిలో పద్ధతి అవసరమైంది. అమెరికాలో 1993లో ఈ పనివాళ్ళు ఒక సంఘంగా ఏర్పడి ప్రమాణాలు రాసుకున్నారు. ఐరోపాలో 2007లో తాళ్ళ బాటలకు ప్రత్యేక ప్రమాణం వచ్చింది.

ఇప్పుడు కట్టడంలోని కిటుకు ఒకటి చెబుతాను. బట్టలు ఆరేసే తీగను బిర్రుగా లాగి కట్టామనుకోండి. నడుమ ఒక తడి దుప్పటి వేస్తే గోడలోని మేకు ఊడి వస్తుంది. అదే తీగ కొంచెం వదులుగా ఉంటే ఊడదు. తాళ్ళ బాటలోనూ అంతే. పది మీటర్ల తీగ నడుమ వంద కిలోల బరువు ఉందనుకుందాం. తీగ అర మీటరు కిందికి కుంగితే, దానిలో పడే లాగుడు సుమారు 500 కిలోలు. పది సెంటీమీటర్లే కుంగితే ఆ లాగుడు సుమారు 2,500 కిలోలు! మనిషి అదే మనిషి, బరువు అదే బరువు. బిగువు పెరిగిన కొద్దీ తీగ మీదా, చెట్టు మీదా భారం పెరుగుతుంది. ఈ పనికి ఎక్కువగా వాడే తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఉక్కు తీగ సుమారు 6,500 కిలోల దగ్గర తెగుతుంది. తెగే బరువులో ఐదో వంతుకు మించి పెట్టకూడదని సాధారణ నియమం. అంటే 1,300 కిలోలు. మొదటి లెక్క ఇందులో ఇమిడింది, రెండోది ఇమడలేదు. చూసేవాళ్ళకు మాత్రం బిర్రుగా ఉన్న తీగే గట్టిగా కనబడుతుంది.

ఇక ఆ మెకానిక్కు గారు చెప్పిన క్లాంపు సంగతి. తీగను చెట్టు చుట్టూ తిప్పి, కొసను మళ్ళీ అదే తీగకు చేర్చి బిగిస్తారు. క్లాంపులో రెండు భాగాలు. ఒకటి వంపు తిరిగిన బోల్టు, ఇంకొకటి జీను వంటి దిమ్మ. బరువు మోసే తీగ మీద దిమ్మ కూర్చోవాలి. వంపు బోల్టు పనిలేని కొస వైపు ఉండాలి. తిరగేస్తే, బరువు మోసే పోగులను బోల్టు నలిపివేసి కట్టు బలం తగ్గిపోతుంది. పట్టి చూస్తే ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఖర్చు పెట్టనందుకు మా పిల్లవాడి చెయ్యి విరిగింది.

ఎక్కుడు గోడల చరిత్ర కూడా ఇలాగే బడి నుంచే వచ్చింది. అమెరికాలోని సియాటిల్ నగరంలో క్లార్క్ షర్మన్ అనే స్కౌటు నాయకుడి ఊహతో, నిరుద్యోగులకు పని కల్పించే ప్రభుత్వ పథకం కింద, 1939 నాటికి ఒక కృత్రిమ శిల కట్టారు. ఇంగ్లండులో 1964లో లీడ్స్ విశ్వవిద్యాలయపు వ్యాయామ ఉపాధ్యాయుడు డాన్ రాబిన్సన్ ఒక నడవ గోడలో రాళ్ళు పొదిగి, శీతకాలంలో విద్యార్థులకు ఎక్కడం నేర్పాడు. గోడలో పొదిగిన రాయిని మార్చడం సాధ్యం కాదు. 1980లలో ఐరోపాలో ఇసుకా రెసినూ కలిపి చేసిన పట్టుదిమ్మలు వచ్చాయి. ఉక్కు చట్రానికి మందమైన ప్లైవుడ్డు బిగించి, దానిలో మరచుట్లు అమర్చి, దిమ్మలను బోల్టుతో బిగిస్తారు. విప్పి వేరేచోట బిగిస్తే అదే గోడ కొత్త గోడ అవుతుంది. ఈ క్రీడ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో మొదటిసారి ప్రవేశించింది. 2024 పారిస్ ఒలింపిక్సులో ఇండోనేషియాకు చెందిన వెద్రిక్ లియొనార్డో 15 మీటర్ల గోడను 4.75 సెకన్లలో ఎక్కి స్వర్ణం గెలిచాడు.

వీటన్నిటికీ ఆధారం తాడు. పూర్వం నార తాళ్ళు వాడేవారు. లోపల కుళ్ళినా పైకి కనబడదు. పెద్ద పాటుకు తెగిపోయేవి. 1935లో నైలాను కనుగొన్నారు. యుద్ధకాలంలో నైలాను తాళ్ళు వచ్చాయి. 1953లో జర్మనీలో లోపల పోగులు, పైన అల్లిన తొడుగు ఉన్న తాడు తయారైంది. పడినప్పుడు కొంచెం సాగి, ఒంటికి తగిలే దెబ్బను తాను మింగడం దాని గుణం.

మనకు దేవుడిచ్చిన గోడలకు కొదువ లేదు. హంపి గుండ్లు ఎక్కడానికి దేశదేశాల వారు వస్తారు. బాదామి ఎర్రరాతి కొండలూ ప్రసిద్ధమే. తెలంగాణలోని భువనగిరి ఏకశిల మీద సాధన మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అదే తెలంగాణలో 2024 జూలైలో గీత కార్మికులకు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం ప్రారంభించారు. తాత వేసిన మోకుకు మనవడు నడుము పట్టీ చేర్చుకుంటున్నాడన్న మాట.

శ్రోతలారా, మీ పిల్లలను ఇలాంటి చోటికి పంపవద్దని నేను చెప్పను. పంపండి. అయితే నాలుగు ప్రశ్నలు వేయండి. దీన్ని కట్టినది ఎవరు? చివరిసారి పరీక్షించినది ఎప్పుడు, రాసిపెట్టారా? పడితే పట్టుకునే రెండో తాడు ఉందా? పిల్లవాడు చాలంటే దించుతారా? జవాబు చెప్పడానికి తడబడితే, పిల్లలను తిరిగి బస్సు ఎక్కించండి. నలుగురూ నవ్వినా పరవాలేదు.

మరుసటి ఏడు మేము వేరే శిబిరానికి పోయాము. ఈసారి మెకానిక్కు గారినీ వెంట తీసుకుపోయాము. ఆయన ప్రతి కట్టునూ చేత్తో లాగి చూశారు. వాళ్ళ అబ్బాయి గోడ ఎక్కనన్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు. శిక్షకుడి పక్కన నిలబడి, ఎక్కేవాళ్ళ తాడు కొసను రెండు చేతులా పట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా దాన్ని వదలలేదు.