పదహారు రంగుల తెర: డోన్ పట్టణంలో గ్రాఫిక్స్ డ్రైవర్ల గతం

గుంతకల్లు, కర్నూలు, నంద్యాల వైపుల నుంచి వచ్చే రైలు మార్గాలు కలిసే కూడలిగా, ఒకప్పుడు ద్రోణాచలం అన్న పేరుతో పేరెన్నికగన్న డోన్, 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లాలో చేరేంతవరకు కర్నూలు జిల్లా పట్టణమే. రాయలసీమలోని ఇటువంటి పట్టణాలకు కంప్యూటరు చాలావరకు కంపెనీ పెట్టెలో కాక, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి బజార్లలో విడిభాగాలుగా కొని, స్థానికంగా బిగించిన ‘అసెంబుల్డ్ సిస్టమ్’ రూపంలో చేరింది. చవకగా దొరికిన ఆ యంత్రంలో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన ప్రతిసారీ తెర మొరాయించడానికి కారణం సాధారణంగా అనుకునేటట్టు బిగించినవారి పనితనంలో లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చే నిర్ణయం వాడుకరిదైతే, దానికి తగిన డ్రైవరు రాసే నిర్ణయం చిప్పు తయారీదారుది కావడంలో ఉంది.

యంత్రభాగాలన్నిటి చేత పని చేయించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అనీ, అది ఇచ్చే ఆదేశాలను ఫలానా చిప్పుకు అర్థమయ్యేలా మార్చి అందించే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అనీ అంటారు. బొమ్మను తెరకెక్కించే చిప్పుకు తగిన డ్రైవరు దొరకనప్పుడు, 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ ప్రమాణమే దిక్కవుతుంది. అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలు, పదహారు రంగులు, అంతకు మించి ఏమీ ఉండదు.

తెలుగు అక్షరం తెర మీదికి రావడానికి ఒక దశలో ప్రత్యేకమైన యంత్రభాగమే కావలసి వచ్చింది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన పరిశోధనను కొనసాగించి పుణెలోని సీ-డాక్ రూపొందించిన జిస్ట్ కార్డును కంప్యూటరు లోపలి అరలో గుచ్చితే, విండోస్‌కు ముందటి డాస్ ప్రోగ్రాములు మామూలు అక్షర సంకేతాలే పంపుతున్నా తెర మీద భారతీయ లిపులు వెలిసేవి. అక్షరాలను తానే గీసుకునే విండోస్ వ్యాపించడంతో ఆ కార్డుకు పని లేకుండా పోయింది. సిస్టమ్ మారితే నిక్షేపంగా ఉన్న యంత్రభాగం మూలన పడుతుందన్న అనుభవం ఆ విధంగా తెలుగు కంప్యూటింగ్‌కు తొలినాళ్లలోనే ఎదురైంది.

2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ, గౌతమి ఫాంటుతో తెలుగుకు చోటు కల్పించిన మొదటి విండోస్ కావడం వల్ల, పెళ్లి పత్రికలు, కరపత్రాలు అచ్చువేసే డీటీపీ కేంద్రాలు అప్పటికే అను ఫాంట్లకు, పేజ్‌మేకర్‌కు అలవాటుపడి ఉన్నా, చరిత్రలో దానికి ప్రత్యేక స్థానముంది. అయితే ‘ఫార్మాట్ కొట్టి’ ఎక్స్‌పీ వేసిన వెంటనే కనిపించే దృశ్యం ఆశాజనకంగా ఉండేది కాదు. గుర్తులు లావెక్కి, ఫొటోలు మరకలుగా మారి, కిటికీని పక్కకు జరిపితే అది చారలు చారలుగా ఈడ్చుకుంటూ కదిలేది. డివైస్ మేనేజర్‌లో ‘వీడియో కంట్రోలర్’ అన్న పేరు పక్కన పసుపుపచ్చని ప్రశ్నార్థకం నిలిచేది. దీనికి మందు మదర్‌బోర్డుతో పాటు వచ్చిన సీడీలో ఉండేది. ఆ సీడీ పోతే, డయలప్ కనెక్షను తన గరిష్ఠ వేగమైన 56 కిలోబిట్లతో నిలకడగా పనిచేసినా, 20 మెగాబైట్ల డ్రైవరు దిగడానికి ముప్పావు గంట పట్టేది గనుక, మరమ్మతు పనివారి సంచిలో రకరకాల బోర్డుల సీడీలు పోగుపడ్డాయి. వారి నైపుణ్యంలో సగం ఆ సంచిలోనే ఉండేదనడం అతిశయోక్తి కాదు.

మిగిలిన సగం గుర్తుపట్టడంలో ఉండేది. పేరు తెలియని చిప్పు కూడా తన తయారీదారు సంఖ్యను దాచుకోదు: ఆ సంఖ్య 8086 అయితే ఇంటెల్, 10డీఈ అయితే ఎన్విడియా, 1002 అయితే ఏటీఐ, 1039 అయితే సిస్, 1106 అయితే వయా. ఇంటెల్ తన సంఖ్యగా 1978 నాటి సొంత ప్రాసెసరు పేరునే పెట్టుకోవడం ఆ సంస్థ చమత్కారం.

2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా ఈ సర్దుబాటును తలకిందులు చేసింది. అంతవరకు గ్రాఫిక్స్ డ్రైవరు సిస్టమ్ గర్భంలో, అంటే కెర్నెల్‌లో, పనిచేసేది గనుక దానిలో చిన్న తప్పు దొర్లినా యంత్రమంతా ఆగిపోయేది. ఆ ప్రమాదాన్ని తగ్గించడానికి విస్టా డబ్ల్యూడీడీఎం అనే కొత్త పద్ధతిని తెచ్చి, డ్రైవరులో కొంత భాగాన్ని గర్భం వెలుపలికి మార్చింది. ఆలోచన మంచిదే గాని, పర్యవసానంగా ప్రతి చిప్పుకూ డ్రైవరు కొత్తగా రాయవలసి వచ్చింది, పాత చిప్పుల కోసం ఆ శ్రమ పడటంలో తయారీదారుకు లాభం లేదు. ఇంటెల్ 845, 865, 915 చిప్‌సెట్లకు కొత్త పద్ధతి డ్రైవర్లు రాలేదు. 915 ఉన్న యంత్రాలకు సైతం ‘విస్టా కేపబుల్’ ముద్ర వేయించినందుకు మైక్రోసాఫ్ట్ మీద 2007లో సియాటిల్‌లో దావా పడింది. ఆ దావాలో బయటపడిన పత్రాల ప్రకారం, 2007లో నమోదైన విస్టా వైఫల్యాలలో దాదాపు 29 శాతం ఎన్విడియా డ్రైవర్ల వల్ల కలిగినవి. అమెరికా కొనుగోలుదారు కోర్టుకెక్కితే, సీమ పట్టణాల వాడుకరి తిరిగి ఎక్స్‌పీ వేయించుకున్నాడు. పాత డ్రైవర్లను విస్టా, విండోస్ 7 ఎలాగో భరించినా, 2012 నాటి విండోస్ 8 వాటికి పూర్తిగా తలుపు మూసింది.

విండోస్‌కు బదులుగా వాడే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ దారి వేరు, చిక్కు మాత్రం అదే. 2005లో లైనక్స్ ఆధారంగా తొలి తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌గా స్వేచ్ఛ వెలువడిన నాటికి, తెర పొందికను ఒక పాఠ్య ఫైలులో చేత్తో రాసి సరిచేయడం లైనక్స్ వాడుకరులకు పరిపాటి. ఎన్విడియా తన డ్రైవరు మూలరచనను బయటపెట్టకపోవడంతో, చిప్పు ప్రవర్తనను బయటినుంచి గమనించి స్వచ్ఛంద కార్యకర్తలు రాసిన నూవో డ్రైవరు 2010లో లైనక్స్ కెర్నెల్ 2.6.33లో చేరింది. అది పొసగని కార్డుల మీద ఇన్‌స్టలేషను నల్లతెర దగ్గరే ఆగిపోతే, బూట్ ఆదేశానికి ‘నోమోడ్‌సెట్’ అన్న మాట చేర్చి, అంటే తెరను ముందే అమర్చే ప్రయత్నం మానుకొమ్మని కెర్నెల్‌కు చెప్పి, ముందుకు సాగడం వాడుకలోకి వచ్చింది. 2022 మేలో ఎన్విడియా తన కెర్నెల్ భాగాలను బహిరంగపరచినా, అవి 2018 నాటి ట్యూరింగ్ తరం చిప్పులకు, ఆ తర్వాతివాటికి మాత్రమే పనికివస్తాయి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 మాత్రం డబ్ల్యూడీడీఎం 2.0 డ్రైవరు గల చిప్పునే కోరుతుంది. విండోస్ 11 ఎక్కని యంత్రంలో లైనక్స్ వేద్దామనుకున్నా, దానిలో ఫెర్మీ అనే పాత తరం ఎన్విడియా కార్డు ఉంటే, సంస్థ ఆ తరానికిచ్చిన 390 వరుస డ్రైవర్లకు 2022 చివరితోనే స్వస్తి పలికింది కనుక, కొత్త కెర్నెల్ మీద మళ్లీ నూవోనే ఆశ్రయించాలి.