త్రీ సిస్టర్స్ వంతెన వివాదం: నగరం, పేటలు, న్యాయస్థానం

ఉపోద్ఘాతం

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు పడమటి అంచున, పొటోమాక్ నదిలో మూడు చిన్న రాతి దిబ్బలున్నాయి. వాటిని ‘త్రీ సిస్టర్స్’ అంటారు. ఆదివాసీ తెగకు చెందిన ముగ్గురు అక్కచెల్లెళ్లు అక్కడ నది దాటబోయి మునిగిపోయారనీ, తాము దాటలేని చోట మరెవ్వరూ దాటకూడదని శపించారనీ స్థానిక ఐతిహ్యం. చెరువుకట్టల మీద అక్కదేవతలను కొలిచే ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఈ కథ కొత్తగా తోచదు. 1960లలో ప్రభుత్వం సరిగ్గా ఆ చోటనే వంతెన కట్ట సంకల్పించింది. పునాది పనులు మొదలయ్యాయి గాని వంతెన లేవలేదు. ఆ వివాదం ఏ ప్రాతిపదికన తీరిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వంతెన వెంట వచ్చే రహదారులు

వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌ను జార్జ్‌టౌన్ వైపుతో కలపవలసిన ఈ వంతెన, నగరాన్ని చీల్చుకుపోయే రహదారుల ప్రణాళికలో ఒక భాగం. నది దాటి వచ్చే కార్లకు దారి కావాలి గదా! ఆ ప్రణాళికలోనిదే మరొక రహదారి ఈశాన్యాన నల్లజాతి కుటుంబాలు నివసించే బ్రూక్‌లాండ్ పేట మీదుగా పోవలసి ఉంది. దానికోసం ప్రభుత్వం అక్కడ 69 ఇళ్లను స్వాధీనం చేసుకుంది. తెల్లవారి రోడ్లు నల్లవారి ఇళ్ల మీదుగా వేయరాదన్న నినాదం అక్కడ పుట్టింది. రెజినాల్డ్ బుకర్, సామీ ఆబట్ నాయకత్వంలో ఉద్యమ సంఘం ఏర్పడింది. సంపన్న శ్వేతజాతీయులుండే పడమటి పేటలు కూడా తమ కారణాలతో తాము వంతెనను వ్యతిరేకించాయి. అంతవరకూ ఎవరికి వారుగా ఉన్న రెండు సమూహాలను ఒకచోటికి చేర్చడమే ఈ ప్రణాళిక చేసిన మేలేమో.

ఇక్కడ ఒక మాటను గురించి చెప్పాలి. ఆ నగరంలో తెల్లవారి పేటల సంఘాలు ‘సిటిజన్స్’ అసోసియేషన్లు, నల్లవారివి ‘సివిక్’ అసోసియేషన్లు. తెలుగులో రెండూ ‘పౌర సంఘాలే’ అవుతాయి. ఆ అనువాదంలో జాతి వివక్ష చరిత్ర అంతా జారిపోతుంది. కోర్టుకెక్కిన ప్రధాన వాది ‘డీసీ ఫెడరేషన్ ఆఫ్ సివిక్ అసోసియేషన్స్’ అన్న విషయం అందువల్ల గమనార్హం.

నగరం ఎవరిది?

1968 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు, నగర చట్టం విధించిన పద్ధతిని పాటించనందున రహదారుల పనులను నిలిపివేసింది. ప్రజల వాదన బహిరంగంగా వినడం ఆ పద్ధతిలో భాగం. మన పత్రికలు దీనినీ, ఓటింగుతో జరిగే రిఫరెండాన్నీ ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అనే ఒకే పేరుతో పిలుస్తాయి. ఈ వివాదంలో రెండూ వేరువేరుగా కనిపిస్తాయి గనుక ఆ తేడా పాటించక తప్పదు.

కోర్టు ఆపిన పనిని అమెరికన్ కాంగ్రెస్ అదే ఏడాది చట్టం చేసి మొదలుపెట్టమంది. నగరానికి అప్పట్లో ఎన్నికైన పాలకవర్గం లేదు. మేయరూ కౌన్సిలూ అధ్యక్షుడు నియమించినవారే. ఖజానా తాళం కాంగ్రెస్‌ది. నగర నిధులను చూసే ఉపసంఘానికి అధ్యక్షుడు కెంటకీ ప్రతినిధి విలియం నాచర్. వంతెన పని మొదలుకానిదే మెట్రో రైలుకు పైసా విడుదల చేయనని ఆయన పట్టుబట్టాడు. కౌన్సిల్ అంతకుముందు వంతెన లేని ప్రణాళికను ఆమోదించింది. మెట్రో కోసం 1969 ఆగస్టు 9న, గలాటా మధ్య, 6–2 ఓట్లతో తన నిర్ణయాన్ని తానే తిరగదోడింది. అందుచేత దీనిని పేటలకూ నగరానికీ మధ్య తగవుగా మాత్రమే చదివితే పొరపాటు. నగరం కూడా లొంగిపోయిన పక్షమే.

ఆ శరత్తులో విద్యార్థులు దిబ్బను ఆక్రమించారు. నవంబరులో ఉద్యమకారులు నిర్వహించిన అనధికారిక రిఫరెండంలో అయిదింట నాలుగు వంతులకు పైగా వంతెన వద్దన్నారు. దానికి చట్టబద్ధత లేదు.

తీర్పు

1970 ఆగస్టులో జడ్జి జాన్ సిరికా పనులు ఆపించాడు. 1971 అక్టోబరులో అప్పీలు కోర్టు తరఫున జడ్జి డేవిడ్ బాజెలోన్ రాసిన తీర్పు ఈ వివాదానికి కీలకం. వంతెన మంచిదా చెడ్డదా అన్న జోలికి ఆయన పోలేదు. వంతెనను ఆమోదించిన రవాణా మంత్రి జాన్ వోల్పీ, చట్టం చూడమన్న అంశాలను చూశాడా, నాచర్ ఒత్తిడిని చూశాడా అన్నదే ప్రశ్న. మెట్రో నిధుల బెదిరింపు నిర్ణయంలో పాలుపంచుకుంటే ఆ నిర్ణయం చెల్లదన్నాడు. వంతెనను నిషేధించలేదు. మళ్లీ మొదటినుంచి, యోగ్యత మీద తేల్చుకొమ్మన్నాడు. పైకి ఇది సగం గెలుపుగానే కనబడుతుంది. కాని బెదిరింపు తొలగిస్తే వంతెనకు నిలబడే ఆధారం పెద్దగా మిగలలేదు. ఆ డిసెంబరులో ప్రతినిధుల సభ నాచర్‌ను కాదని మెట్రో నిధులు విడుదల చేసింది. మరుసటి మార్చిలో సుప్రీం కోర్టు అప్పీలును స్వీకరించలేదు.

1972 జూన్‌లో ఆగ్నెస్ తుఫాను వరద వచ్చి, నదిలో మిగిలి ఉన్న వంతెన పునాది పనులను కొట్టుకుపోయింది. అక్కచెల్లెళ్ల శాపం ఫలించిందని చెప్పుకునేవారు నేటికీ ఉన్నారు. మెట్రో 1976 మార్చి 27న నడక మొదలుపెట్టింది. వర్జీనియా శివార్లలో స్థిరపడి రోజూ రాజధానిలో ఉద్యోగాలకు పోయే తెలుగువారిలో కొందరు, కట్టని ఆ వంతెనకు కొంత దిగువన, నది అడుగు సొరంగంలో ఆ రైల్లోనే ప్రయాణిస్తున్నారు.